నోట్లో ఇరుక్కున్న పెట్టకూత

భయమంటే ఏమిటో నాకు సరిగ్గా తెలిసింది, ప్యాంటు మోకాళ్ళ దగ్గర చుట్టుకుపోయి ఉండగా. అంతకుముందు భయపడలేదని కాదు. సుడిగాలికి మా కొట్టం కప్పు లేచిపోయినప్పుడు భయపడ్డాను. మా ఆయన డోయల్ గడ్డి అటక మీంచి పడి చీలమండ విరగ్గొట్టుకున్నప్పుడూ భయపడ్డాను. కానీ ఆ రెండుసార్లూ నోరారా అరిచాను. అరవడానికి కూడా వీల్లేని భయం ఇంకో రకం. అది పగవాళ్ళకి కూడా వద్దు.

ఏప్రిల్ వచ్చిందంటే అమెరికాలోని మా ఓజార్క్ కొండల్లో మగవాళ్ళకి మతి ఉండదు. డాగ్‌వుడ్ చెట్లు తెల్లగా పూస్తాయి, అడవిలో టర్కీ కోడిపుంజులు గడగడమని కూయడం మొదలెడతాయి. ఇక వీళ్ళు తెల్లారకముందే లేచి, ఆకుల బొమ్మల బట్టలు తొడుక్కుని, ముఖానికి ముసుగేసుకుని, ఏదో ఒక చెట్టు మొదట్లో కూర్చుని పెట్టలా కూస్తూ ఉంటారు. పెట్ట పిలుస్తోందనుకుని పుంజు వస్తుంది. వచ్చిన పుంజుని కాలుస్తారు. ఇంట్లో పెళ్ళాం పిలిస్తే మాత్రం ఒక్కడూ పలకడు.

ఈ వేటలో మా చుట్టుపక్కల మా మామగారు ఆర్విల్ తర్వాతే ఎవరైనా. మా కొట్టం లోపలి గోడ చూస్తే ఆ సంగతి తెలుస్తుంది. దాని నిండా చొక్కా ముక్కలు మేకులకి వేలాడుతుంటాయి. పుంజు మీద కాల్చి గురి తప్పినవాడి చొక్కా వెనక అంచు ఆ సాయంత్రమే అందరి ముందూ కత్తిరించి అక్కడ కొట్టడం మా ఇంటి ఆనవాయితీ. డోయల్ చొక్కా ముక్కలన్నీ కుట్టుకుంటే దుప్పటి అవుతుంది. పాస్టరుగారి గళ్ళ చొక్కా ముక్క కూడా అక్కడే ఉంది. మామగారి ముక్క ఒక్కటీ లేదు. ఆ గోడ మీద మిగిలిన ఒక్క ఖాళీ వైపు చూపించి, అది తన చోటు అని ఆయన గొప్పగా చెప్పుకునేవారు.

కానీ ఆ శీతాకాలం నుంచి ఆయన చూపు మందగించింది. ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ నోరెత్తరు. కాఫీ కప్పులో కాకుండా పక్కన పోసి, ఈ కాలం కప్పులు ఒకచోట నిలవవని కప్పుని తిట్టేవారు. కళ్ళ డాక్టరు అనే మాట వినబడితే చాలు, లేచి పశువుల దగ్గరికి వెళ్ళిపోయేవారు. ఏటా వేటకి తండ్రితో పాటు డోయల్ వెళ్ళేవాడు. ఈసారి అతని కాలికి కట్టుంది.

"నెల్డా, నాన్నతో నువ్వు వెళ్ళవూ?" అన్నాడు ముందురోజు భోజనాల దగ్గర, తండ్రి లేచి వెళ్ళాక.

"నేనా? నాకు తుపాకీ ఏ చివర పట్టుకోవాలో కూడా తెలీదు."

"తుపాకీ ఎవరిమ్మన్నారు నీకు? పక్కన కూర్చుని కుయ్యి. ఆయన చూపు సంగతి నీకు తెలుసుగా. ఎక్కడో జారి పడితే కనీసం వచ్చి కబురన్నా చెప్తావు."

"మరి నేను పడితే కబురెవరు చెప్తారు?"

డోయల్ పకపకా నవ్వాడు. ఆ నవ్వు గుర్తొస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

కూయడం నాకు బాగా వచ్చు, అది మాత్రం నిజం. నాలుక పైన, అంగిలికి అంటించి పెట్టుకునే చిన్న బిళ్ళ ఒకటుంటుంది, రబ్బరు పొరతో చేసింది. గాలి ఊదితే అచ్చం పెట్ట గొంతే. మామగారి అక్క వర్డీ అత్తయ్యని ఏడిపించడానికి అంట్లు తోముతూ నేర్చుకున్నాను. నా కూతకి చచ్చిన పుంజు కూడా లేచొస్తుందని మామగారే అన్నారు. కోడలిని ఆయన మెచ్చుకోవడం అదే మొదలు.

మర్నాడు చీకటుండగానే వంటింట్లో ఆయన నన్ను నిలబెట్టి, టార్చి వేసి, తల నుంచి కాళ్ళ దాకా ముక్కు ఆనించినంత దగ్గరగా తనిఖీ చేశారు.

"ఈ మేజోళ్ళు తెల్లవి. మార్చు."

"బూట్ల లోపల ఎవరు చూస్తారు మామయ్యా?"

"కూర్చుంటే ప్యాంటు పైకి పోతుంది, మేజోడు కనబడుతుంది. ఎరుపు, తెలుపు, నీలం. పుంజు తల రంగులివే. ఈ రంగులు ఒంటి మీద వేసుకుని అడవిలోకి వెళ్ళేవాడు తన గొయ్యి తనే తవ్వుకుంటాడు. ఎవడైనా నీ వైపు వస్తుంటే చెయ్యి ఊపకు, లేవకు. కదిలితే కాలుస్తాడు. ఉన్నచోటే ఉండి, మనిషి గొంతుతో గట్టిగా అరువు. అర్థమైందా?"

"అయింది."

మేజోళ్ళు మార్చాను. ప్యాంటు కింద చలికి వేసుకున్న పొడుగు లాగు తెల్లదే. దాని సంగతి కోడలిని ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. బయల్దేరుతుంటే డోయల్ కుంటుకుంటూ వచ్చి, జలుబు చేస్తుందేమోనని తన నీలం చేతిరుమాలు నా జేబులో కుక్కాడు. ప్రేమగానే కుక్కాడు పాపం.

అడవిలోకి వెళ్ళే దారిలోనే తిప్పలు మొదలయ్యాయి. ముళ్ళకంచె దాటేటప్పుడు నా వేటకోటు తీగకి పట్టుకుని, నేను అటూ కాక ఇటూ కాక గబ్బిలంలా వేలాడాను. "మా ఆవు నీకంటే చక్కగా దాటుతుంది" అని ఆయన విసుక్కుంటూ విడిపించారు. విడిపించాక తను దాటి, గడ్డిలో పచ్చి పేడలో కాలేసి, "ఇక్కడ మట్టి మెత్తగా ఉందేం" అన్నారు. నాకు నవ్వొచ్చింది. వాగు దగ్గర ఆ నవ్వు పోయింది. అక్కడ దాటడానికి బల్లపరుపు రాళ్ళున్నాయి, చిన్నప్పటి నుంచీ ఆయన నడిచిన రాళ్ళే. ఆయన అడుగు రాయికి జానెడు పక్కన పడింది. నడుం లోతు నీళ్ళలో నిట్టనిలువునా కూర్చుండిపోయారు, తుపాకీ మాత్రం రెండు చేతులతో తల పైన ఎత్తిపట్టి.

"మామయ్యా! దెబ్బ తగిలిందా?"

"అరవకు! నీళ్ళు ఎంత చల్లగా ఉన్నాయో చూస్తున్నాను."

నీళ్ళోడుతూ నా ముందు నడుస్తున్న ఆ మనిషిని చూసి, ఈయన చేతిలో తూటాలు నింపిన తుపాకీ ఉందని మొదటిసారి భయపడ్డాను. వెనక్కి పోదాం అందామనుకున్నాను. ఆయనతో ఆ మాట అనే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ లేదు, నాకూ లేకపోయింది.

కొండంచున పెద్ద ఓక్ చెట్టు మొదట్లో నన్ను కూర్చోబెట్టారు. తను ఇంకాస్త ముందుకు, వాలు మొదలయ్యే చోట కూర్చుంటారట. నేను వెనక నుంచి కూస్తే, పుంజు నన్ను వెతుక్కుంటూ ఆయన ముందు నుంచి వస్తుంది.

"ఈ చెట్టు వదిలి కదలకు" అన్నారు వేలు చూపించి. "నువ్విక్కడున్నావని నాకు తెలుసు. ఈ చెట్టు దగ్గర కాక ఇంకెక్కడ కూత వినబడినా అది నాకు పిట్టే. గుర్తుంచుకో."

గుర్తుంచుకున్నాను. బిళ్ళ నోట్లో పెట్టుకుని కూశాను. లోయకి అవతల నుంచి పుంజు గడగడా జవాబిచ్చింది. ఆ శబ్దానికి ఒళ్ళు జలదరించింది, సంతోషంతోనే. ఇందుకేనా వీళ్ళు ఇంతగా పడిచస్తారు అనుకున్నాను.

అంతా బాగానే ఉండేది, పొద్దున తాగిన కాఫీ లేకపోతే.

ఎంత ఓర్చుకున్నానో ఆ దేవుడికి తెలుసు. కాళ్ళు ముడుచుకున్నాను, పళ్ళు బిగబట్టాను. ఇక నా వల్ల కాలేదు. మామగారు ఉన్నది ముందువైపు, కాబట్టి చెట్టు వెనక్కి పాక్కుంటూ వెళ్ళి, వాలు మీద ఒక పొద చాటున నిలబడి, ప్యాంటు భుజాల పట్టీలు విప్పాను. ప్యాంటు మోకాళ్ళ దాకా జారింది. సరిగ్గా అప్పుడే కాలి కింద ఎండాకులు జారాయి. మా కొండల్లో ఆకుల కింద అన్నీ గులకరాళ్ళే, అవి దొర్లాయి. వాటితో పాటు నేనూ.

కూర్చుని జారాను, పడుకుని జారాను, ఒక మొద్దుకి గుద్దుకుని పిల్లిమొగ్గ వేశాను. ప్యాంటు కాళ్ళని కట్టేసింది కాబట్టి ఆపుకోవడానికి కూడా వీల్లేదు. టోపీ ఒక చోట, ముసుగు ఒక చోట ఊడిపోయాయి. లోయ అడుగున పడిపోయిన రెండు మానుల మధ్య సందులో బోర్లా వెళ్ళి ఇరుక్కున్నాను. ముక్కు మానుకి కొట్టుకుంది. ఎడమ చెయ్యి ఒంటి కింద నలిగింది. తల మాత్రం మాను పైకి, నేను పడ్డ వాలు వైపు చూస్తూ ఉండిపోయింది.

కాసేపు ఊపిరాడలేదు. ఆడాక మొదటి పని, అరవడం. "మామయ్యా!" అని నిండా ఊపిరి తీసుకుని అరిచాను.

"క్యోంక్! క్యోంక్!" అని వినబడింది.

ఎక్కడో పెట్ట కూస్తోంది అనుకున్నాను. మళ్ళీ అరిచాను. మళ్ళీ పెట్ట కూసింది. అప్పుడు తెలిసింది. పడ్డప్పుడు బిళ్ళ అంగిలి మీంచి జారి వెనక్కి పోయి, కొండనాలుక దగ్గర అడ్డంగా ఇరుక్కుంది. నా గొంతులోంచి వచ్చే ప్రతి గాలీ పెట్టకూత అయి వస్తోంది.

ఆ వెంటనే ఆయన మాట గుర్తొచ్చింది. ఈ చెట్టు దగ్గర కాక ఇంకెక్కడ వినబడినా అది నాకు పిట్టే.

కుడి చేతి వేళ్ళు నోట్లో పెట్టి బిళ్ళ లాగబోయాను. చేతికి బట్ట తొడుగులున్నాయి, ఆ వేళ్ళకి అది జారి ఇంకా లోపలికి పోయింది. వాంతి వచ్చినట్టయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంకొక్కసారి లాగితే మింగి ఊపిరాడక చస్తానేమోనని చెయ్యి తీసేశాను. పోనీ నోరు మూసుకుని మూలుగుదాం, మూలుగు మనిషిదే కదా అనుకుని మూలిగాను. గుర్ర్‌ర్ అని మెత్తగా వచ్చింది. మేత దొరికి తృప్తిగా ఉన్న పెట్ట సరిగ్గా అలాగే గురగురలాడుతుంది. చేత్తో తొడ మీద చరిచాను. బట్ట తొడుగు చెయ్యి, చెట్టు మీంచి కిందికి దిగే పిట్ట రెక్కల చప్పుడు చేసింది. కాళ్ళు తన్నాను. ఆకులు చరచరలాడాయి, పెట్ట కాళ్ళతో గీరినట్టు. పెట్ట చేసే పనుల్లో ఇక నేను చేయనిది గుడ్డు పెట్టడం ఒక్కటే.

లోయ అవతల పుంజు పిచ్చెత్తినట్టు గడగడలాడింది. ఈసారి ఆ కూతకి నాకు సంతోషం కలగలేదు.

ఇక చప్పుడు చేయకుండా ఉంటే ఆయన వెళ్ళిపోతారు అనుకున్నాను. ఊపిరి బిగబట్టాను. ముక్కు రక్తంతో నిండి మూసుకుపోయింది. నోటితోనే ఊపిరి పీల్చాలి. పీల్చిన ప్రతిసారీ గుర్ర్, గుర్ర్. ఊపిరి తీసుకుంటే పెట్ట, తీసుకోకపోతే చావు. ఏడుపొచ్చింది. ఏడిస్తే మళ్ళీ కూత వస్తుందని ఏడుపు కూడా మింగేశాను.

వాలు పైన ఒక పొద కదిలింది.

మామగారే. వంగి, అడుగులో అడుగు వేస్తూ దిగుతున్నారు. తడిసిన ప్యాంటు నల్లగా కాళ్ళకి అంటుకుని ఉంది. అంత మెల్లిగా, అంత అందంగా దిగే మనిషిని నేను చూడలేదు. ఇంట్లో కుర్చీ తన్నుకుని నడిచే మనిషేనా అనిపించింది. ఒక సన్నటి చెట్టు వెనక ఆగి, తల పక్కకి వంచి విన్నారు. నేను ఊపిరి తీసుకున్నాను. గుర్ర్. ఆయన తల నా వైపు తిరిగింది.

ముక్కులోంచి రక్తం పెదాల మీదుగా గడ్డానికి కారుతోంది. ఊపిరికి అడ్డొస్తుందని, అలవాటుగా, కుడి చేత్తో జేబులోంచి రుమాలు తీసి ముక్కుకి అద్దుకున్నాను. అద్దుకున్నాక చూశాను. నీలం రుమాలు. దాని కింద ఎర్రటి రక్తం. నా వెనక, ఇరుక్కున్న మానుల పైన లేచి ఉన్న తెల్ల లాగు. ఎరుపు, తెలుపు, నీలం. మేజోళ్ళు మార్చుకున్న దానిని.

రుమాలు పారేద్దామంటే చెయ్యి కదల్చాలి. కదిలితే కాలుస్తాడు. ఉన్నచోటే ఉండి మనిషి గొంతుతో అరువు. నా మనిషి గొంతు ఎక్కడుంది? రుమాలు ముక్కుకి అలాగే పట్టుకుని బిగుసుకుపోయాను. ఆయన తుపాకీ ఎత్తి చెట్టుకి ఆనించారు. గొట్టం కొన నల్లగా గుండ్రంగా నాకు కనబడింది. గొట్టం నల్లగా గుండ్రంగా కనబడిందంటే అది నా వైపే ఉందని తెలుసుకోవడానికి వేటగాళ్ళు కానక్కర్లేదు.

డోయల్ మీద కోపం వచ్చింది. ఆ ఇంట్లో అందరి మీదా వచ్చింది. అందరం తెలిసి ఊరుకున్నాం. కప్పు పక్కన కాఫీ పోస్తే తుడిచాం గానీ ఒక్కరం మాట అనలేదు. ఆ మర్యాదకి ఇప్పుడు నేను పోతున్నాను, అదీ ప్యాంటు లేకుండా.

అప్పుడు నా ఎడమ పక్క ఆకులు చప్పుడయ్యాయి. పుంజు వచ్చింది.

తోక విసనకర్రలా విప్పి, రెక్కలు నేలకి రాస్తూ, ఛాతీ ముందుకు తోసుకుని, పెళ్ళికొడుకు వచ్చినట్టు వచ్చింది. చెయ్యి చాస్తే అందేంత దగ్గరగా నా ముఖం ముందు నిలబడింది. దాని తల ఎర్రగా, నీలంగా మెరుస్తోంది. ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చింది. ఆయన గురి దీని మీదన్నమాట, నా మీద కాదు. ఆ వెంటనే ఇంకో సంగతి తట్టింది. ఆ తుపాకీలోంచి ఒక్క గుండు రాదు, గుప్పెడు గుళ్ళు చెదిరి వస్తాయి. పుంజు వెనకే నా ముఖం ఉంది.

పో, పక్కకి పో అని లోపల మొక్కుకున్నాను. పుంజు నా మాట విన్నట్టే పక్కకి నడిచింది, మాను చివరిదాకా. గొట్టం కదల్లేదు. తిరిగొస్తుందని ఆగుతున్నారేమో అనుకున్నాను. పుంజు మాను చుట్టూ తిరిగి నా వెనక్కి వెళ్ళింది. అక్కడ బోర్లా పడి, కదలకుండా, గుర్ర్‌మంటున్న పెట్ట దానికి కనబడింది. పెట్ట అలా నేలకి అణగి ఉంటే పుంజుకి దాని అర్థం ఒకటే.

ఎగిరి నా వీపు మీద ఎక్కింది.

దాని బరువు, గోళ్ళు, నడుం మీద గుచ్చుకున్న దాని కాలి వెనక ముల్లు, ఏమని చెప్పను? నా కడుపులోంచి ఒక పొలికేక బయల్దేరింది. ఆ కేక తోసిన తోపుకి బిళ్ళ గొంతులోంచి ఊడి, మాను మీదుగా ఎగిరి ఎక్కడో పడింది. "మామయ్యా! నేను!" అన్నాను. నా సొంత గొంతుతో అన్నాను.

తుపాకీ పేలింది. నా తల పైన డాగ్‌వుడ్ కొమ్మ విరిగింది. తెల్లటి పూలు నా మీద రాలాయి. పుంజు రెక్కలు కొట్టుకుంటూ చెట్ల పైకి లేచిపోయింది.

"నెల్డా?" అన్నారు మామగారు. నన్ను కాదు, వెనక్కి తిరిగి, కొండంచున ఉన్న ఓక్ చెట్టుని. "నెల్డా, చెట్టు దగ్గరే ఉన్నావా అమ్మా?"

"ఇక్కడున్నాను మామయ్యా. కింద."

ఆయన తుపాకీ వదిలేసి వచ్చారు. వచ్చారనడం కంటే దొర్లారనడం నయం. సగం దూరం కూర్చునే జారారు. నా దగ్గరికొచ్చి ముఖం రెండు చేతులతో తడిమారు. చేతికి రక్తం అంటుకోగానే ఆయన గొంతులోంచి వచ్చిన శబ్దం నేను మర్చిపోలేను.

"ముక్కుది మామయ్యా. పడ్డప్పుడు తగిలింది. గుళ్ళు తగల్లేదు. నిజంగా."

నమ్మలేదు. నుదురు, చెవులు, మెడ, అన్నీ వేళ్ళతో వెతికారు. అంతా వెతికాక ఆకుల్లో కూర్చుండిపోయారు.

"కాస్త అటు తిరుగుతారా? నా ప్యాంటు..." అన్నాను.

ముసలాయన గబుక్కున అటు తిరిగి, ఒక చెట్టుకి క్షమించమని చెప్పారు.

తుపాకీలో మిగిలిన తూటాలు తీయడం ఆయన చేతుల వల్ల కాలేదు. ఎలా తీయాలో చెప్తుంటే నేనే తీశాను. తిరుగుదారిలో తుపాకీ నా భుజానికి ఉంది. ఎప్పుడూ ముందు నడిచే మనిషి నా కోటు వెనక పట్టీ పట్టుకుని నడిచారు. వాగు దగ్గర నేను ఏ రాయి మీద కాలేశానో అడిగి, ఆ రాయి మీదే కాలేశారు.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర నేనే కథ చెప్పాను. ఎవరో ఒకరు చెప్పాలి కదా. కాఫీ సంగతి, ప్యాంటు సంగతి, గొంతులో బిళ్ళ, వీపు మీద పుంజు. డోయల్ కట్టు కాలు బల్లకేసి కొట్టుకుంటూ నవ్వాడు. వర్డీ అత్తయ్య మొక్కజొన్న రొట్టె ప్లేటు కింద పెట్టి కళ్ళు తుడుచుకుంది.

"అంతేనా, మా అమ్మాయికి పెళ్ళిచూపులు అడవిలో అయ్యాయన్నమాట!" అంది. "ఏమే, పెళ్ళికొడుకు బాగున్నాడా?"

"నా మొగుడికంటే నయం అత్తయ్యా. పిలవగానే వచ్చాడు."

"మరి ఆర్విల్, నీకేం పోయేకాలం వచ్చింది? చేత్తో పట్టుకునేంత దగ్గర పుంజుంటే తప్పావా? తీసుకురండ్రా కత్తెర!"

మామగారు నవ్వలేదు. రొట్టె తుంచి అలాగే చేతిలో పట్టుకుని ఉన్నారు. అడక్కముందే లేచి వెనక్కి తిరిగి నిలబడ్డారు. వర్డీ అత్తయ్య ఇన్నేళ్ళ కసి తీరేలా ఆ చొక్కా అంచుని బెత్తెడు వెడల్పున కత్తిరించింది. డోయల్ చప్పట్లు కొట్టాడు. ఆ గోడ మీద తన ముక్కల పక్కన తండ్రి ముక్క చేరుతోందని అతనికి పండగే.

"నెల్డా చేత కొట్టిస్తాను" అన్నారు మామగారు. "సాక్షి అదే."

ఆయన తెమ్మన్న తుపాకీ నేను భుజానికి వేసుకున్నాను, ఇద్దరం కొట్టంలోకి వెళ్ళాం. ఇంకా ఎండ పోలేదు, తలుపులోంచి గోడ మీద పడుతోంది. ఆయన గోడ వైపు కాక నా వైపు తిరిగారు.

"ఆ పుంజు మాట బాగా అతికించావమ్మా" అన్నారు మెల్లగా. "వాళ్ళ ముందు నా పరువు నిలబెట్టావు. నేను మర్చిపోను."

నాకు అర్థం కాలేదు. "అతికించడమేంటి మామయ్యా? మీరు చూళ్ళేదా? నా ముఖం ముందే నిలబడింది కదా. మీరు గురిపెట్టింది దానికే కదా."

"ఏ పుంజు?" అన్నారు.

కొట్టంలో ఆవు తల విదిలిస్తే గొలుసు చప్పుడైంది. గొట్టం ఎందుకు కదల్లేదో నాకప్పుడు తెలిసింది. పుంజు పక్కకి నడిచినా, మాను చుట్టూ తిరిగినా, అది నా ముఖం మీదే ఎందుకు నిలబడిందో తెలిసింది. గోడకి చెయ్యి ఆనించుకున్నాను.

"నాకు ఒక్కటే కనబడింది" అన్నారాయన. "ఎర్రగా, పక్కన నీలంగా. దాని మీదే పెట్టాను. ఎంత బాగా పెట్టానో నాకు తెలుసు. వేలు బిగిస్తున్నాను, నీ గొంతు వినబడింది." ఆగారు. "నేను తప్పలేదమ్మా. చివర్లో చెయ్యి ఎత్తాను, అంతే."

పరవాలేదు అనలేకపోయాను, పరవా ఉంది కాబట్టి. ఆయన మేకు తీసి, చొక్కా ముక్క ఆ ఖాళీ చోట ఆనించి, సుత్తి ఎత్తారు. సుత్తి మేకు పక్కన గోడకి తగిలింది. మళ్ళీ ఎత్తారు. ఈసారి బొటనవేలికి తగిలింది. ఆయన గోడనీ తిట్టలేదు, మేకునీ తిట్టలేదు.

"మేకు నాకు కనబడటం లేదమ్మా" అన్నారు. "చాలా రోజులైంది, ఏదీ సరిగ్గా కనబడటం లేదు."

ఆ ఇంట్లో ఆ మాట ఎవరైనా పైకి అనడం అదే మొదటిసారి. సుత్తి నా చేతిలో పెట్టారు. నేను చొక్కా ముక్కని గోడకి కొట్టాను.

"ఇంకోటి కూడా కొట్టు" అన్నారు. "కాస్త పెద్ద మేకు చూసి. బరువు ఆగాలి."

పెద్ద మేకు వెతికి తెచ్చి, చొక్కా ముక్క కింద కొట్టాను. ఆయన నా భుజం మీంచి తుపాకీ తీసుకుని, చేత్తో తడిమి మేకు ఎక్కడుందో చూసుకుని, దానికి తగిలించారు.